డెల్ఫీ రథసారథి

గ్రీసు దేశంలో పర్నాసస్ కొండ వాలున ఉన్న డెల్ఫీ పుణ్యక్షేత్రంలో 1896 వసంతకాలంలో బయటపడిన కంచు విగ్రహం. ఎత్తు 1.80 మీటర్లు, అంటే నిలువెత్తు మనిషంత. క్రీ.పూ. 5వ శతాబ్దపు తొలినాళ్ళలో పోతపోసిన గ్రీకు విగ్రహాల్లో ఇంత బాగా మిగిలినవాటిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఈ తవ్వకం కోసం ఒక ఊరే లేచిపోవలసి వచ్చింది. అపోలో ఆలయ శిథిలాల మీద కస్త్రీ అనే గ్రామం వెలిసి ఉండేది. ఏథెన్సులోని ఫ్రెంచి పురావస్తు సంస్థకు గ్రీకు ప్రభుత్వం 1891లో అనుమతి ఇచ్చింది. ఇళ్ళూ స్థలాలూ కొని ఊరిని పక్కకు తరలించే ఖర్చును ఫ్రాన్సు భరించింది. పరిహారం విషయంలో గ్రామస్థులు గట్టిగానే ఎదురుతిరిగారు. చివరికి 1892లో థియోఫిల్ ఒమోల్ ఆధ్వర్యంలో పని మొదలైంది. మట్టి మోయడానికి సన్నని పట్టాలు వేసి బండ్లు నడిపారు. దాదాపు పదేళ్ళు సాగిన ఈ పనికి ‘మహా తవ్వకం’ అన్న పేరు స్థిరపడింది.

విగ్రహం ఒక్కసారిగా దొరకలేదు. ఆలయానికి ఎగువన, నాటకశాల వైపు, మొదట నడుము కింది భాగం కనిపించింది. కొద్దిరోజుల తేడాతో పైభాగమూ, కళ్ళేలు పట్టిన కుడిచేయీ వచ్చాయి. ఎడమచేయి మాత్రం నేటికీ లేదు. ఆ చుట్టుపక్కలే గుర్రాల కాళ్ళు, ఒక తోక, రథం తునకలు, ఒక బాలుడి చేయి బయటపడ్డాయి. దాంతో ఇది ఒంటరి విగ్రహం కాదనీ, నాలుగు గుర్రాల రథంతో కూడిన పెద్ద శిల్పంలో ఒక భాగమనీ తేలింది.

దొరికిన రాతి పీఠం మీద శాసనం ఉంది. సిసిలీ ద్వీపంలోని గెలా నగరాన్ని ఏలిన పోలిజాలోస్ దీన్ని సమర్పించినట్టు దానివల్ల తెలుస్తోంది. డెల్ఫీలో నాలుగేళ్ళకోసారి జరిగే పైథియన్ క్రీడల్లో, క్రీ.పూ. 478లోనో 474లోనో, రథాల పందెం గెలిచిన గుర్తుగా చేయించి ఉంటాడని పండితుల అంచనా. పీఠం మీది మొదటి పంక్తిని తర్వాత ఎవరో చెక్కేసి మళ్ళీ రాయించారు. గ్రీకుల పందేల్లో గెలుపు రథం తోలినవాడిది కాదు, గుర్రాల యజమానిది. అయినా రాజు పేరు పీఠానికే పరిమితమైంది, లోకానికి తెలిసిన ముఖం సారథిది.

కంచు విగ్రహాలకు అసలు శత్రువు కాలం కాదు, కొలిమి. లోహం కోసం వాటిని కరిగించేశారు. డెల్ఫీకి దోపిడీ బెడద కూడా తప్పలేదు. నీరో చక్రవర్తి ఇక్కణ్ణుంచి 500 విగ్రహాలు పట్టుకుపోయాడని గ్రీకు యాత్రికుడు పౌసనియస్ రాశాడు. అంతకు చాలాముందే, క్రీ.పూ. 373 నాటి భూకంపంలో కొండచరియ విరిగి ఈ సారథి మట్టికింద పడిపోయాడని భావిస్తున్నారు. ఆర్టెమిసియన్, రియాచేల దగ్గర దొరికిన గ్రీకు కంచు విగ్రహాలు సముద్రంలో మునిగి బతికితే, ఇతను కొండ తనమీద పడి బతికాడు.

విగ్రహాన్ని ముక్కలు ముక్కలుగా పోతపోసి అతికారు. పాదాలదాకా జారే అంగీ నడుము కింద స్తంభం మీది గాడుల్లా నిలువు మడతలతో నిటారుగా ఉంటుంది. గాలికి ఉబ్బకుండా భుజాల దగ్గర తాడుతో బిగించారు. కళ్ళకు వేరే పదార్థం పొదిగారు, పెదవులకు రాగి వాడారు, తలకట్టు మీద వెండితో నగిషీ చేశారు. చెంపల దగ్గరి నూనూగు వెంట్రుకలను కూడా గీతలు గీసి చూపించారు. పందెం ముగిసిన తర్వాతి ఘట్టం కాబోలు, ముఖంలో గర్వమూ లేదు, అలసటా లేదు. శిల్పి ఎవరన్నది తేలలేదు. రీజియంకు చెందిన పైథాగరస్ (గణితవేత్త కాదు, అదే పేరున్న శిల్పి) అని కొందరంటారు కానీ గట్టి ఆధారం లేదు.

రథసారథి ఇప్పుడు డెల్ఫీ పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నాడు. చూడబోయేవారు ముఖం దగ్గరే ఆగిపోకుండా పాదాలు కూడా గమనించాలి. అవి రథపు తొట్టిలో ఉండి ఎవరికీ కనిపించేవి కావు. అయినా వేళ్ళనూ, ఉబ్బిన నరాలనూ శిల్పి ముఖానికి పెట్టినంత శ్రద్ధతోనే తీర్చాడు.