వికర్స్-బెర్తియే నుంచి వన్-బి దాకా: ఎల్.ఎం.జి. పుట్టుపూర్వోత్తరాలు

సైన్యంలో పనిచేసి పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు వచ్చి స్థిరపడిన పెద్దవాళ్ళను ఎల్.ఎం.జి. (లైట్ మెషిన్ గన్, అంటే తేలికపాటి మర తుపాకీ) గురించి కదిలించండి. నిమిషానికి ఎన్ని తూటాలు కాలుస్తుందో తర్వాత చెబుతారు. ముందు ‘ఖోల్నా-జోడ్నా’ గురించే చెబుతారు. పిస్టన్ గ్రూప్, బ్యారెల్ గ్రూప్, బట్ గ్రూప్, బాడీ గ్రూప్, బైపాడ్ గ్రూప్ అని ఆ తుపాకీని అయిదు భాగాలుగా విప్పడం, తుడిచి నూనె రాయడం, మళ్ళీ బిగించడం. ఏళ్ళు గడిచినా ఆ వరుస వాళ్ళ నోటికి తడబడకుండా వస్తుంది. రెండు ప్రపంచయుద్ధాల నడుమ రూపుదిద్దుకున్న ఈ తుపాకీ మన సైన్యంలో అన్ని దశాబ్దాలు నిలవడానికి కారణం కూడా అక్కడే ఉంది. మామూలు జవాను చేతికి ఇది లొంగుతుంది.

మొదటి ప్రపంచయుద్ధం నాటి మర తుపాకులు అలా లొంగేవి కావు. 1884లో హైరమ్ మాక్సిమ్ రూపొందించిన మర తుపాకీ, దాని వారసురాలైన వికర్స్ తుపాకీ ఎడతెగకుండా కాల్చగలవు. కానీ బ్యారెల్ చల్లారడానికి చుట్టూ నీళ్ళ తొడుగు కావాలి, కింద బరువైన స్టాండు కావాలి, మోయడానికి ఓ బృందం కావాలి. కందకం దాటి ముందుకు ఉరికే దళంతో పాటు అవి పరుగెత్తలేవు. లూయిస్ తుపాకీ వచ్చాక ఆ కొరత కొంత తీరింది. అది పన్నెండు, పదమూడు కేజీల బరువుండేది, పైన గుండ్రటి పళ్ళెంలో 47 తూటాలు పట్టేవి. అయితే అది తరచూ మొరాయించేది, బ్యారెల్ వేడెక్కితే అక్కడికక్కడ మార్చుకునే వీలు ఉండేది కాదు. ఒకడు మోయగలగాలి, పడుకుని కాల్చగలగాలి, పోరు మధ్యలోనే బ్యారెల్ మార్చగలగాలి: యుద్ధం ముగిశాక సైన్యాలన్నీ వెతికింది ఇలాంటి తుపాకీ కోసమే.

ఆ వెతుకులాటలో మన సైన్యానికి దక్కింది వికర్స్-బెర్తియే. దీని మూలం ఫ్రెంచివాడైన బెర్తియే ఆలోచన. తన పేరుతోనే వచ్చిన ఫ్రెంచి రైఫిళ్ళతో పేరుపడ్డ ఆయన, మొదటి యుద్ధానికి ముందే ఈ తేలికపాటి మర తుపాకీ మీద పనిచేశాడు. 1925లో బ్రిటన్‌కు చెందిన వికర్స్ కంపెనీ ఆ హక్కులు కొని, తన క్రేఫర్డ్ కర్మాగారంలో మెరుగులు దిద్దింది. 1933లో భారత సైన్యం దాన్ని స్వీకరించింది. బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారీ మొదలైంది. బ్రిటన్ సైన్యం అప్పటికి ఇంకా పరీక్షల దశలోనే ఉంది. అక్కడ వికర్స్-బెర్తియేకు పోటీగా చెకోస్లోవేకియాలోని బ్రనో నుంచి జెడ్‌బి-26 వచ్చింది, దాని రూపకర్త వాత్స్లావ్ హోలెక్. చివరికి గెలిచింది బ్రనో తుపాకీ వారసురాలే. బ్రనోలోని ‘బ్ర’ను, ఎన్‌ఫీల్డ్‌లోని ‘ఎన్’ను కలిపి దానికి బ్రెన్ అని పేరు పెట్టారు. 1937లో ఎన్‌ఫీల్డ్‌లో దాని ఉత్పత్తి మొదలైంది.

చూపులకు వికర్స్-బెర్తియే, బ్రెన్ రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. రెండింటికీ మ్యాగజైన్ పైనే, ముందు రెండు కాళ్ళ బైపాడ్, బరువు పది కేజీల ప్రాంతం. లోపలి పనితీరు కూడా దగ్గరిదే. తూటా బ్యారెల్‌లో దూసుకుపోతుండగా వెనకున్న వాయువులో కొంత ఓ చిన్న రంధ్రం గుండా కిందికి దిగి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. బోల్టు వెనక భాగం పైకి లేచి తుపాకీ బాడీలోని గాడిలో బిగుసుకుని ఉంటుంది. పిస్టన్ వెనక్కి వస్తూ దాన్ని కిందికి దింపి విడిపిస్తుంది. ఖాళీ తొడుగు బయట పడుతుంది, స్ప్రింగు తోసుకొచ్చి కొత్త తూటాను ఎక్కిస్తుంది. ట్రిగ్గర్ వదిలితే బోల్టు వెనకే ఆగుతుంది. తూటా కూర్చునే గది తెరిచి ఉంటుంది కాబట్టి కాల్పుల మధ్య గాలి తగిలి చల్లారుతుంది. బ్రెన్ బ్యారెల్ వేడెక్కితే గన్నర్ పక్కనుండే సహాయకుడు, నంబర్ టూ జవాను, లాచ్ ఎత్తి, బ్యారెల్‌కు ఉన్న పిడి పట్టుకుని ముందుకు లాగేసి, రెండోది బిగిస్తాడు. పిడి చెక్కది కాబట్టి చెయ్యి కాలదు. మ్యాగజైన్ అడ్డొస్తుంది గనుక గురి చూసే సైట్లను ఎడమ పక్కకు జరిపారు.

అసలు చిక్కు తూటాతో వచ్చింది. మనవాళ్ళంతా త్రీ నాట్ త్రీ అని పిలిచే ఆ తూటాకు అడుగున వెడల్పాటి అంచు ఉంటుంది. వరుసగా పేర్చితే మ్యాగజైన్ వంకర తిరగక తప్పదు. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండేలా ఒక్కొక్కటే సర్ది నింపాలి. తారుమారైతే తుపాకీ ఆగిపోతుంది. 30 పట్టే బ్రెన్ మ్యాగజైన్‌లో స్ప్రింగు అలసిపోకుండా 28 మాత్రమే నింపడం అలవాటు. దళంలో ప్రతి రైఫిల్ జవానూ ఈ మ్యాగజైన్లు మోసేవాడు. నింపే చేతి జాగ్రత్త మీదే కాల్చేవాడి ప్రాణం ఆధారపడి ఉండేది.

ఇక్కడ మన ప్రాంతం కథ ఒకటి చెప్పుకోవాలి. 1933లో వికర్స్-బెర్తియే వచ్చేనాటికి చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. కానీ ఆ తుపాకీ పట్టడానికి మద్రాసు రెగ్యులర్ పదాతి బెటాలియన్ ఒక్కటీ మిగల్లేదు. దక్షిణాదివాళ్ళు యుద్ధజాతులు కారనే వలస పాలకుల సిద్ధాంతం వల్ల 1920లలోనే వాటిని రద్దు చేశారు. బెంగుళూరు కేంద్రంగా ఇంజనీరు దళమైన మద్రాస్ సాపర్లు మాత్రం నిలిచారు. రెండో ప్రపంచయుద్ధం ముదిరి జనం అవసరమయ్యాకే, 1940ల మొదట్లో, మద్రాస్ రెజిమెంట్‌ను మళ్ళీ నిలబెట్టారు. తమిళ, మలయాళ, కన్నడ యువకులతో పాటు మన తెలుగువాళ్ళూ చేరారు, ఆ బెటాలియన్లు బర్మా దాకా వెళ్ళాయి. పనికిరారని పక్కన పెట్టినవాళ్ళే యుద్ధరంగంలో నిలిచి ఆ సిద్ధాంతం అబద్ధమని రుజువు చేశారు. ఎల్.ఎం.జి. చరిత్ర రాసేటప్పుడు ఈ అన్యాయాన్ని దాటేయకూడదు.

యుద్ధకాలంలో బ్రెన్ ఇషాపూర్‌లోనూ తయారైంది. వికర్స్-బెర్తియే మెల్లగా శిక్షణ కేంద్రాలకు, వెనక వరుసలకు తగ్గింది. దాని నుంచే పుట్టిన వేగవంతమైన వికర్స్-కె మాత్రం ముందు విమానాలకెక్కి, తర్వాత ఉత్తరాఫ్రికా ఎడారిలో బ్రిటిష్ దాడి దళాల జీపుల మీద మోగింది.

స్వతంత్ర భారతంలో ఎల్.ఎం.జి. పేరు విన్నప్పుడు 1947 నవంబర్ 3 గుర్తు రావాలి. శ్రీనగర్ దగ్గర బడ్గాంలో 4వ కుమావ్ బెటాలియన్‌కు చెందిన ఓ కంపెనీని శత్రువులు పెద్ద సంఖ్యలో చుట్టుముట్టారు. కంపెనీ కమాండర్ మేజర్ సోమ్‌నాథ్ శర్మ ఎడమ చేతికి అప్పటికే ప్లాస్టర్ కట్టు ఉంది. జవాన్లు తగ్గిపోతుంటే ఆయనే మ్యాగజైన్లు నింపి ఎల్.ఎం.జి. గన్నర్లకు అందిస్తూ పోయాడు. ఆ పనిలో ఉండగానే పక్కనున్న మందుగుండు మీద మోర్టార్ గుండు పడి అమరుడయ్యాడు. దేశపు తొలి పరమవీర చక్ర ఆయనదే. ఒక్క చేత్తో మ్యాగజైన్ నింపడం ఎంత కష్టమో ఆ పని చేసిన ఏ జవానైనా చెప్పగలడు.

1962 యుద్ధం తర్వాత సైన్యం 7.62 మి.మీ. తూటాకు మారింది. ఎస్.ఎల్.ఆర్. (సెల్ఫ్ లోడింగ్) రైఫిల్‌కూ ఎల్.ఎం.జి.కీ ఒకే తూటా అయింది. పాత బ్రెన్‌లను మార్చి 1-ఎ అన్నారు, కొత్తగా చేసినవి 1-బి. ఈ తూటాకు వెడల్పాటి అంచు లేదు కాబట్టి మ్యాగజైన్ వంపు దాదాపు పోయింది. తిరుపతి కాలేజీల్లో ఎన్‌సీసీ చేసిన కుర్రాళ్ళ పాఠాల్లో ఉండిందీ ఈ 7.62 ఎల్.ఎం.జి.నే. 1990లలో ఇన్సాస్ ఎల్.ఎం.జి. వచ్చింది. 2020 మార్చిలో ఇజ్రాయెల్ నుంచి 16,479 నెగెవ్ తుపాకుల కొనుగోలుకు రక్షణ శాఖ ఒప్పందం చేసుకుంది.

బ్రెన్ కంటే వేగంగా కాల్చే తుపాకులు ఆ కాలంలోనే ఉండేవి. అయినా ఇది నిలిచింది. చీకట్లో తడిమి విప్పొచ్చు, బురదలో పడితే తుడిచి మళ్ళీ వాడొచ్చు, చదువు పెద్దగా లేని రిక్రూటుకూ కొద్ది వారాల్లో నేర్పొచ్చు. బెర్తియే, హోలెక్ పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఎలాగూ ఉంటాయి. ఇషాపూర్‌లో ఒక్కో భాగాన్ని కొలతకు తెచ్చిన కార్మికులకూ, దాన్ని భుజాన మోసి పోరాడిన మన ఊళ్ళ జవాన్లకూ ఆ చరిత్రలో సమానమైన చోటు దక్కాలి. వాళ్ళ అనుభవాలను అడిగి రాసుకోవలసిన బాధ్యత మనదే, ఆ తరం ఇంకా మన మధ్య ఉండగానే.