మరియన్ చీకట్లో పగిలిన కెమెరాలు, సెల్మా పట్టపగలు తీసిన ఫొటోలు

1965 ఫిబ్రవరి 18 రాత్రి అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మరియన్ అనే చిన్న ఊళ్లో నల్లజాతివారు ఓటుహక్కు కోసం ఊరేగింపుగా బయల్దేరగానే వీధిదీపాలు ఆరిపోయాయి. పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. విలేకరులనూ వదల్లేదు. కెమెరాలు పగలగొట్టారు, లెన్సుల మీద రంగు చల్లారు. తల్లిని కాపాడబోయిన జిమ్మీ లీ జాక్సన్‌కు పోలీసు తూటా తగిలింది. ఎనిమిది రోజులకు ఆయన ప్రాణం పోయింది. ఆ రాత్రి జరిగిందేమిటో దేశం కళ్లారా చూడలేకపోయింది.

ఆ మరణమే అదే రాష్ట్రంలోని సెల్మా నుంచి రాజధాని మాంట్‌గోమరీకి తలపెట్టిన యాత్రకు కారణమైంది. మార్చి 7, ఆదివారం, సుమారు 600 మంది సెల్మాలోని ఎడ్మండ్ పెటస్ వంతెన దాటారు. ఈసారి పట్టపగలు. రోడ్డు పక్కన పత్రికల, టీవీల కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. ‘బర్మింగ్‌హామ్ న్యూస్’ ఫొటోగ్రాఫర్ స్పైడర్ మార్టిన్ తీసిన ఒక ఫొటోలో ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు. ఒకవైపు హెల్మెట్లు పెట్టుకుని లాఠీలు పట్టిన పోలీసుల వరస, ఎదురుగా యాత్ర ముందు నడుస్తున్న ఉద్యమ నాయకులు హోసియా విలియమ్స్, జాన్ లూయిస్. లూయిస్ వీపున సంచి ఉంది, చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి. చెదిరిపోవడానికి పోలీసులు ఇచ్చిన గడువు రెండు నిమిషాలు. అది ముగియకముందే దాడి మొదలైంది. లూయిస్ పుర్రె చిట్లింది. దెబ్బలకు స్పృహ తప్పి పడిపోయిన ఉద్యమకారిణి అమీలియా బోయింటన్ ఫొటో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. అన్నింటిలోకీ బలమైనది మాత్రం ఆ మొదటి ఫొటోయే. ఎవరు నిరాయుధులో, ఎవరు దాడికి వచ్చారో అందులో వివరణ అక్కర్లేకుండా తెలుస్తుంది.

బర్మింగ్‌హామ్‌లో 1963లో ఉద్యమకారుల మీద నీటిగొట్టాలు ప్రయోగించడాన్ని ‘లైఫ్’ పత్రికకు ఫొటో తీసిన చార్లెస్ మూర్ సెల్మాలోనూ ఉన్నాడు. ఆయన అలబామాలోనే పుట్టిన తెల్లజాతి మనిషి. సొంత రాష్ట్రం తలదించుకునే దృశ్యాలను ఆయన లోకానికి చూపించాడు.

మార్చి 21న కోర్టు అనుమతితో, సైన్యం కాపలాతో యాత్ర మళ్లీ మొదలైంది. 54 మైళ్లు నడిచి 25న మాంట్‌గోమరీ చేరింది. ‘లుక్’ పత్రిక ఫొటోగ్రాఫర్ జేమ్స్ కరాలెస్ కింది నుంచి పైకి చూస్తూ, కమ్ముకొచ్చిన నల్లమబ్బుల కింద గట్టు వెంట సాగే జనం బారును ఒకే ఫొటోలో పట్టాడు. ‘ఎబొనీ’ పత్రిక తరఫున నల్లజాతి ఫొటోగ్రాఫర్ మొనేటా స్లీట్ వెంట నడిచాడు. న్యూయార్క్ నుంచి వచ్చిన విద్యార్థి స్టీఫెన్ సోమర్‌స్టీన్ దాదాపు 400 ఫొటోలు తీశాడు. వాటిలో నాయకులతో పాటు దారి పక్క ఇళ్ల ముందు నిలబడి చూస్తున్న సామాన్యులూ కనిపిస్తారు.

ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ ఓటుహక్కు చట్టంపై సంతకం చేశాడు. సోమర్‌స్టీన్ తర్వాత భౌతికశాస్త్రవేత్త అయ్యాడు. 2015లో ఆయన ఫొటోలతో న్యూయార్క్‌లో ప్రదర్శన ఏర్పాటైంది.