కోటబొమ్మాళి మీదుగా వేగపు రైలు

రైలు వేగాన్ని ఇంజను నిర్ణయిస్తుందని మనలో చాలామంది తలుస్తారు. ఉద్దానం అంచున సాగే మార్గాల చరిత్ర చూచినప్పుడు, దారి వేసిననాడే ఆ నిర్ణయంలో సగభాగం జరిగిపోయినదని తోస్తుంది.

కటకం నుండి బెజవాడ వరకు తూర్పుతీర రైలుమార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య నిర్మితమైనది. నాగావళిని, వంశధారను దాటి, కోటబొమ్మాళి, నౌపడ, పలాసల మీదుగా పోయే ఈ దారిలో పట్టాల నడుమ ఎడం 5 అడుగుల 6 అంగుళాలు.

పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవు ఆలోచన వేరు. తన రాజధానిని నౌపడతో కలపదలచి, సుమారు 7 లక్షల రూపాయల వ్యయంతో 40 కిలోమీటర్ల చిన్న రైలుమార్గం వేయించినాడు. 1900 ఏప్రిల్ 1న అది ప్రారంభమైనది. దాని పట్టాల ఎడం 2 అడుగుల 6 అంగుళాలు మాత్రమే. ఎడం తగ్గితే కట్ట సన్నమవుతుంది, వంతెన చిన్నదవుతుంది, ఇరుకు మలుపైనా చాలుతుంది. ఒక జమీందారీ బొక్కసం భరించగలుగుతుంది. ఆ పొదుపును నేను తప్పు పట్టను. అదే లేకుంటే టెక్కలికి, పాతపట్నానికి అంత త్వరగా రైలు వచ్చేదా? అయితే నౌపడకు వచ్చిన ప్రతి బస్తాను ఒక బండి నుండి దింపి మరొక బండికి ఎక్కించవలసి వచ్చినది. వేగానికీ అక్కడే హద్దు పడినది. 1931 నాటికి గుణుపురం చేరిన ఈ మార్గాన్ని 2004లో మూసి, పెద్ద పట్టాలు వేసి, 2011లో తిరిగి తెరచినారు.

జపానువారికీ ఇటువంటి చిక్కే ఎదురైనది. వారి పాత మార్గం 3 అడుగుల 6 అంగుళాలది. దానిమీద కొత్త ఇంజనును పరుగెత్తించక, టోక్యో, ఒసాకాల మధ్య మెలికలు తక్కువైన వేరొక దారినే నిర్మించి, 1964 అక్టోబరు 1న గంటకు 210 కిలోమీటర్ల రైలును నడిపినారు. కారణం సులభంగానే బోధపడుతుంది. వేగం రెట్టింపైతే మలుపులో బండిని వెలుపలికి తోసే బలం నాలుగింతలవుతుంది. అదే బ్రేకుతో బండి ఆగే దూరమూ అంతే పెరుగుతుంది.

2018లో మదరాసు పెరంబూరు కర్మాగారం రూపొందించిన "ట్రెయిన్ 18" పరీక్షలో 180 కిలోమీటర్ల వేగం అందుకొన్నది. దానికి వేరే ఇంజను లేదు; సగం పెట్టెల క్రింద మోటార్లు అమర్చినారు. ఆ వంశానిదే అయిన వందేభారత్ 2024 మార్చి నుండి విశాఖపట్నం, భువనేశ్వరాల మధ్య కోటబొమ్మాళి మీదుగా పోతున్నది. మీదుగా పోవడం వేరు, ఆగడం వేరు!

ఈ ప్రాంతానికే ఒక వేగపు రైలును ఊహించితే, నా దృష్టిలో దాని గరిష్ఠ వేగం రెండవ ప్రశ్న. సమంగా వేగం పుంజుకొంటూ 130 కిలోమీటర్లు అందుకోవడానికి 3 నిమిషాలు పట్టే బండి అప్పటికే 3 కిలోమీటర్లకు పైగా పోయి ఉంటుంది. ఇక తిలారు కోసమో, దండుగోపాలపురం కోసమో మందగించవలసిందే. 45 సెకన్లలో అందుకొనే బండికి ఒక కిలోమీటరులోపే చాలును. కనుక మోటార్లు పెట్టెలన్నిటా పంచి ఉండవలెను. తలుపులు వెడల్పుగా ఉండవలెను. కొబ్బరి బస్తాతో, జీడిపప్పు డబ్బాతో ఎక్కే మనిషికి నిమిషంలోపల దారి దొరకవలెను. అటువంటి బండి పలాసలో బయలుదేరి, నౌపడలో ఎవరినీ దింపకుండా గుణుపురం దాకా పోవడానికి పట్టాల ఎడం ఇప్పుడు అడ్డు కాదు.