కారు రంగు, పాలిషు దెబ్బ

తొలి మోటారు కార్లకు రంగు వేసింది గుర్రపు బగ్గీలకు రంగు వేసిన మేస్త్రీలే. అవిసె నూనెతో చేసిన వార్నిష్‌ను కుంచెతో పూసేవారు, ఆరాక రుద్దేవారు, మళ్లీ పూసేవారు. ఒక్క బండికి వారాలు పట్టేది. భారీ ఎత్తున కార్లు తయారయ్యే ఫ్యాక్టరీలకు ఈ నిదానం పెద్ద అడ్డంకి అయింది. ఫోర్డ్ కంపెనీ మోడల్-టి కార్లను 1914 నుంచి 1925 దాకా నలుపులో మాత్రమే అమ్మింది. చవకగా వచ్చి గట్టిగా నిలిచే నల్ల ఎనామిల్‌ను భట్టీలో కాల్చి ఆరబెట్టే పద్ధతి ఆ ఉత్పత్తికి సరిపోయింది.

అసలు మలుపు డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన డ్యూకోతో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు మందుకు వాడిన నైట్రోసెల్యులోజ్‌నే పలుచని లాకర్‌గా మార్చి, జనరల్ మోటార్స్ తన 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు నీలి రంగులో వేసింది. స్ప్రే గన్‌తో కొట్టిన ఈ రంగు గంటల్లో ఆరిపోయేది. మన రంగుల షెడ్లలోనూ, వడ్రంగుల దగ్గరా డ్యూకో అన్న పేరు నేటికీ వినిపిస్తుంది. అయితే కొట్టిన వెంటనే డ్యూకోకు మెరుపు ఉండేది కాదు. పొర మీద పొర వేసి, చివర్లో రాపిడి ముద్దతో రుద్దితేనే నిగనిగలాడేది. అంటే రుద్దడం ఆ రోజుల్లో మరమ్మతు కాదు, రంగు వేయడంలో ఆఖరి మెట్టు.

కొన్న తర్వాత కూడా ఆ రుద్దుడు ఆగేది కాదు. ఎండకు లాకర్ పైభాగం సున్నం పట్టినట్టు తెల్లబడేది. రబ్బింగ్ పాలిషుతో ఆ పాడైన పొరను తీసేస్తే కింద తాజా రంగు బయటపడేది, గుడ్డకు కారు రంగు అంటేది. ఆ పైన మైనం పూసేవారు. ఇందులో మేలైనది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నుబా మైనం. ఎక్కడైనా ఎక్కువ రుద్ది రంగు పోగొట్టినా దిద్దుకోవడం తేలికే. లాకర్ మళ్లీ తిన్నర్‌లో కరుగుతుంది కాబట్టి, కొత్తగా కొట్టిన రంగు పాతదానిలో కలిసిపోయేది. పాలిషు పనివారి చేతికి ధైర్యం అలవాటైంది ఆ కాలంలోనే. భారతదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లమీద పని నేర్చుకున్న తరం చేసిందీ ఇదే: ఒకే రకం రంగు పొర, దాని మీద రబ్బింగ్ పాలిషు.

తర్వాత రంగు మారింది, రుద్దే పద్ధతి మారలేదు. నేటికీ కార్ల మీద జరుగుతున్న నష్టంలో చాలా భాగం అక్కడి నుంచే పుడుతోంది. మెటాలిక్ రంగుల్లోని అల్యూమినియం రేకులు బయటి గాలికి, వానకు త్వరగా పాడయ్యేవి. వాటిని కాపాడడానికి పైన రంగులేని పారదర్శక పొర వేయడం 1970ల చివర్లో ఊపందుకుని, 1980ల్లో చాలా ఫ్యాక్టరీలకు పాకింది. వాయు కాలుష్య చట్టాలు కూడా ద్రావకాలు ఎక్కువగా ఉండే పాత లాకర్లను పక్కకు నెట్టాయి. కొత్త పద్ధతిలో అసలు రంగు ఉండే బేస్ కోటు మెరవదు. మెరుపంతా పైనున్న క్లియర్ కోటుదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే మందులు ఉండేదీ ఎక్కువగా అందులోనే.

ఇప్పటి కారు రంగులో పొరలు ఇవి: ఇనుము మీద తుప్పు పట్టకుండా కరెంటు సాయంతో ఎక్కించే పొర, దాని మీద ప్రైమర్, ఆపైన బేస్, చివర క్లియర్. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లే. అందులో క్లియర్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మనిషి తల వెంట్రుక మందం కన్నా తక్కువ. అందులోనూ అరగదీయగలిగింది పైపై కొద్ది మైక్రాన్లే. ఒకసారి బిగిసిన క్లియర్ తిన్నర్‌లో కరగదు, కాబట్టి పోయిన పొర మీద కొత్తది అతుకు లేకుండా కలవదు. తప్పును క్షమించే గుణం లాకర్‌కు ఉండేది, దీనికి లేదు.

ఇలాంటి రంగు మీద నిమిషానికి 1500, 2000 చుట్లు తిరిగే రోటరీ బఫర్‌ను ఉన్ని ప్యాడ్‌తో ఒకేచోట నిలిపితే ఆ వేడికి పొర మెత్తబడి చిరుగుతుంది. ముందు దెబ్బతినేవి బానెట్ మీది ఉబ్బెత్తు మడతలు, తలుపుల అంచులు. రంగు అక్కడ సహజంగానే పలుచన, ప్యాడ్ ఒత్తిడేమో అక్కడే ఎక్కువ. ప్లాస్టిక్ బంపరు వేడిని పక్కకు పంపలేదు కనుక ఇంకా త్వరగా కాలుతుంది. ఇంత దూరం వెళ్లకపోయినా, ప్యాడ్ వదిలిన సన్నని గీతలు ఎండలో తిరిగే నీడల్లా కనిపిస్తాయి. నూనెలు కలిసిన పాలిషులు వాటిని కప్పేస్తాయి. అప్పగించిన రోజు అద్దంలా ఉన్న కారు నాలుగు కడుగుళ్లకు అసలు రూపం బయటపెడుతుంది. అన్నిటికన్నా అన్యాయమైన నష్టం ఆలస్యంగా తెలిసేదే. పలుచబడిన క్లియర్ మన ఎండలకు ఏడాదో రెండేళ్లో గడిచాక తెల్లబారి పొట్టులా లేస్తుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. చక్రాలు శుభ్రం చేసే ఆమ్లం చింది రంగుపై పడినా, బోరు నీళ్లతో కడిగి ఎండలోనే ఆరనిచ్చినా పడే మచ్చలు వేరు. అవి గీతలు కావు, పొరలోకి తిన్న గుంటలు.

నష్టాన్ని దిద్దే క్రమం కొలతతో మొదలవ్వాలి. రంగు మందం కొలిచే మీటరు ఇనుము మీద అయస్కాంత సూత్రంతో, అల్యూమినియం మీద ఎడ్డీ కరెంటుతో పనిచేస్తుంది. ప్లాస్టిక్‌కు అల్ట్రాసోనిక్ పరికరం కావాలి. మామూలు మీటరు మొత్తం మందాన్నే చెబుతుంది, క్లియర్ ఎంత మిగిలిందో చెప్పదు. అందుకే తలుపు తెరిస్తే కనిపించే, పాలిషు తగలని లోపలి అంచు కొలతతో పోల్చి చూస్తారు. ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి కప్పిపెట్టిన నూనెలు తీసేస్తే నిజమైన గీతలు కనబడతాయి. గోరు గుచ్చుకునేంత లోతు గీతను పాలిషుతో తీయబోవడం మిగిలిన పొరను కూడా పోగొట్టుకోవడమే. పైపై గీతలకు అటూ ఇటూ ఊగుతూ తిరిగే డ్యుయల్ యాక్షన్ మిషను, మెత్తని ఫోమ్ ప్యాడ్ సరిపోతాయి. క్లియర్ చిరిగిన చోట ఏ పాలిషూ పనిచేయదు. ఆ ప్యానెల్ మొత్తం నీళ్ల కాగితంతో రుద్ది, అవసరమైన చోట బేస్ వేసి, క్లియర్‌ను అంచు నుంచి అంచు దాకా కొట్టాలి. ప్యానెల్ మధ్యలో ఆపేస్తే ఆ అంచు కొన్నాళ్లకు లేస్తుంది. మెటాలిక్ రంగైతే పక్క ప్యానెల్‌లోకి కూడా కొంత కలపాల్సి వస్తుంది.

ఎంత నేర్పుగా చేసినా అది ఫ్యాక్టరీ రంగు కాదు. ఫ్యాక్టరీలో వైర్లు, సీట్లు బిగించకముందే ఖాళీ ఇనుప బాడీని దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. తయారైన కారును షెడ్డు బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టడమే కుదురుతుంది. అందుకే నష్టపరిహారం అడిగేవారు అసలు పొర పోయిన నష్టాన్ని కూడా లెక్కలోకి తేవాలి. కారు పాలిషుకు ఇచ్చే ముందు, తీసుకున్నాక ఎండలో తీసిన ఫోటోలు, మీటరు కొలతలు, రసీదు ఉంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా జిల్లా కమిషన్ ముందు ఫిర్యాదు పెట్టవచ్చు. మరో షెడ్డులో దిద్దించిన తర్వాత పాత దెబ్బను నిరూపించడం కష్టం కనుక, ఆ కొలతలు మరమ్మతుకు ముందే తీసి పెట్టుకోవాలి.