మౌన ప్రార్థన చరిత్రలో ఒక హెడ్మాస్టరు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగారు. మన స్కూలు భవనాల గురించి, పాత ఉపాధ్యాయుల గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు ఉన్నారు. అందుకని మన అసెంబ్లీకి దగ్గరగా ఉండే విషయం ఒకటి ఎంచుకున్నాను.

మిషన్ స్కూల్లో చదివాం కాబట్టి, ఏ మతం వాళ్లమైనా మనందరికీ క్రైస్తవ ప్రార్థన పరిచయమే. పాట, బైబిల్ పఠనం, ఒకరు పైకి చెబితే అందరూ ఆమేన్ అనడం. తెలుగునాట చర్చిల్లో కూడా ఉపవాస కూటమైనా, ఇంటి ప్రార్థనైనా ఎక్కువగా గొంతెత్తే సాగుతుంది. మాటలు లేకుండా కదలక కూర్చుని చేసే ప్రార్థన కూడా క్రైస్తవంలో ఉందనీ, దానికి పదహారు వందల ఏళ్ల చరిత్ర ఉందనీ చాలామందికి తెలియదు. అది మఠాల గోడలు దాటి మామూలు మనుషుల దగ్గరికి తిరిగి రావడంలో ఒక హెడ్మాస్టరు పాత్ర ఉంది. ఆయన పేరు జాన్ మెయిన్.

1926లో లండన్‌లో పుట్టిన మెయిన్ 1950ల మధ్యలో బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగిగా మలయాలో పనిచేశారు. ఉద్యోగపు పని మీద కౌలాలంపూర్‌లో స్వామి సత్యానందను కలిశారు. స్వామి అక్కడ అనాథ పిల్లల కోసం ఆశ్రమం, స్కూలు నడిపేవారు. పని మాటలు అయ్యాక సంభాషణ ప్రార్థన మీదికి మళ్లింది. క్రైస్తవుడినైన నేను మీ ధ్యానం నేర్చుకోవచ్చా అని మెయిన్ అడిగారు. దానివల్ల మీరు ఇంకా మంచి క్రైస్తవులవుతారని స్వామి జవాబు. పొద్దున, సాయంత్రం అరగంట చొప్పున కూర్చోవడం, తన విశ్వాసానికి చెందిన ఒక మాటను ఎంచుకుని మనసులో మొదటి నుంచి చివరి దాకా అదే అనుకోవడం, ఇదీ స్వామి నేర్పిన పద్ధతి. వారానికోసారి మెయిన్ వెళ్లి ఆయనతో కలిసి కూర్చునేవారు.

తరువాత డబ్లిన్‌లో న్యాయశాస్త్రం బోధించి, 1959లో లండన్‌లోని ఈలింగ్ బెనెడిక్టైన్ మఠంలో చేరారు. అక్కడి గురువు ఈ ధ్యానం క్రైస్తవ పద్ధతి కాదు, మానేయమన్నారు. మెయిన్ మానేశారు. ఏళ్లు గడిచాయి. 1970లో ఆయన వాషింగ్టన్‌లోని సెయింట్ ఆన్సెల్మ్స్ మఠం నడిపే స్కూలుకు హెడ్మాస్టరుగా వెళ్లారు. టైమ్ టేబుళ్లు, పరీక్షలు, చందాలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు... హెడ్మాస్టరు జీవితం ఎలా ఉంటుందో ఈ సంచిక చదివే ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో ఒక కుర్రాడు మఠానికి వచ్చి, క్రైస్తవంలో ధ్యాన సంప్రదాయం ఏమైనా ఉందా అని అడిగాడు. మెయిన్ అతనికి 17వ శతాబ్దపు ఇంగ్లీషు బెనెడిక్టైన్ అగస్టీన్ బేకర్ పుస్తకం ఇచ్చారు. అతను ఎంతో ఉత్సాహంగా చదవడంతో మెయిన్ కూడా మళ్లీ దాన్ని తెరిచారు. బేకర్ ఆయన్ను ఇంకా వెనక్కి, జాన్ కాషియన్ దగ్గరికి నడిపించాడు.

కాషియన్ నాలుగో శతాబ్దం చివర్లో ఈజిప్టు ఎడారి సన్యాసుల మధ్య బతికి, వాళ్ల దగ్గర నేర్చుకున్నది ఫ్రాన్స్‌లోని మార్సేయ్ వచ్చాక 420ల్లో పుస్తకంగా రాసినవాడు. అందులో పదో సంభాషణలో ఐజాక్ అనే వృద్ధ సన్యాసి ఒక పద్ధతి చెబుతాడు. 70వ కీర్తన మొదటి వచనం ఒక్కటే తీసుకో, పనిలో ఉన్నా ప్రయాణంలో ఉన్నా, సుఖంలోనూ కష్టంలోనూ దాన్నే పట్టుకో, మిగతా ఆలోచనల సంపదంతా వదిలెయ్ అని దాని సారాంశం. కౌలాలంపూర్‌లో నేర్చుకున్నదీ, మానేయమంటే మానేసినదీ తన సొంత ఇంటి అటక మీదే ఉన్నట్టు మెయిన్‌కు అర్థమైంది.

మరి అటక మీదికి ఎలా చేరింది? ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠ నియమావళిలో రాత్రి మౌనానికి ముందు కాషియన్ పుస్తకం చదివించమన్నాడు. 12వ శతాబ్దంలో రెండో గీగో అనే మఠాధిపతి చదవడం, మననం, ప్రార్థన, దైవ సన్నిధిలో నిశ్చలంగా ఉండటం అని నాలుగు మెట్ల నిచ్చెన చెప్పాడు. 14వ శతాబ్దంలో పేరు చెప్పుకోని ఒక ఇంగ్లీషు రచయిత చిన్న మాట ఒక్కటి పట్టుకుని కూర్చోమన్నాడు. 16వ శతాబ్దపు స్పెయిన్‌లో అవిలా తెరెసా మౌన ప్రార్థన మీద పుస్తకాలు రాసింది. కానీ ఆ కాలానికే అనుమానాలూ మొదలయ్యాయి. 1687లో మిగెల్ మోలినోస్ బోధలను పోప్ ఖండించారు. మనిషి ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలంటున్నాడన్నది ఆయన మీద అభియోగం. ఆ తరువాత మౌన ప్రార్థన అంటేనే జంకు పుట్టింది. అది మఠాల్లోని కొద్దిమందికే, మామూలు జనానికి జపమాల, ప్రార్థన పుస్తకం చాలు అన్న అభిప్రాయం స్థిరపడింది. మౌనాన్ని ఎవరూ పూర్తిగా నిషేధించలేదు. మీకు కాదులే అన్నారు, అంతే. ఒక విద్య మరుగున పడటానికి ఆ మాట చాలు.

ఈలింగ్‌కు తిరిగి వచ్చిన మెయిన్ 1975లో ఉద్యోగస్తులకు, గృహిణులకు ధ్యానం నేర్పడం మొదలుపెట్టారు. 1977లో కెనడాలోని మాంట్రియల్ వెళ్లి అక్కడ చిన్న మఠం స్థాపించారు. ఆయన సూచించిన మాట మారనాతా, ప్రభువా రమ్ము అనే అర్థమిచ్చే అరమాయిక్ పదం. 1982లో, 56వ ఏట కన్నుమూశారు. ఇంచుమించు ఆ కాలంలోనే అమెరికాలో స్పెన్సర్ మఠంలో థామస్ కీటింగ్, విలియం మెనింజర్, బేసిల్ పెనింగ్టన్ ఆ 14వ శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకం ఆధారంగా మరో పద్ధతి రూపొందించారు. పూటకు 20 నిమిషాలు, రోజుకు రెండు పూటలు. మెయిన్ పద్ధతిలో మాట ఆగదు. వీళ్ల పద్ధతిలో ఆలోచనలు లాక్కుపోయినప్పుడు మాత్రమే మాట దగ్గరికి తిరిగి వస్తారు. 1991లో మెయిన్ శిష్యులు ప్రపంచ క్రైస్తవ ధ్యాన సంఘాన్ని ఏర్పాటు చేశారు. ఆ సమావేశంలో బోధించింది తమిళనాడులో కావేరి ఒడ్డున శాంతివనం ఆశ్రమంలో ఉండే బీడ్ గ్రిఫిత్స్.

ఇది హిందూ ధ్యానానికి సిలువ తగిలించడమే కదా అనేవారు చర్చిల్లో ఉన్నారు. వాటికన్ 1989లో ఈ విషయం మీద ఒక లేఖ రాసింది. పద్ధతినే ప్రార్థన అనుకోవద్దని హెచ్చరించింది. ఇతర మతాల్లోని మంచిని అవి క్రైస్తవం కావన్న కారణంతో తోసిపుచ్చవద్దని కూడా చెప్పింది. నా ఉద్దేశంలో ఈ చరిత్రలో రెండు నిజాలున్నాయి, ఒకదాని కోసం రెండోది దాచక్కర్లేదు. ఆ నిధి కాషియన్ కాలం నుంచి చర్చిదే. అది ఉందని మెయిన్ గుర్తుపట్టగలిగింది ఒక హిందూ స్వామి దయవల్ల.

తెలుగు చర్చిలకూ ఇది పూర్తిగా కొత్త కాదు. 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు దైవ సన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని తన శిష్యులకు ముఖ్య సాధనగా నేర్పారు. సన్నిధి, కనిపెట్టు అనే మాటలు అక్కడ ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. మఠాలతో సంబంధం లేకుండా, రైతులూ కూలీలూ చేసిన సాధన అది.

ఇదంతా మన సంచికలో ఎందుకంటే, ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ ప్రాంతపు క్యాథలిక్ స్కూళ్లు 2000 తరువాతి సంవత్సరాల్లో మెయిన్ పద్ధతిని తరగతి గదుల్లోకి తెచ్చాయి. పిల్లలకు లెక్క సులువు: వయసు ఎన్నేళ్లైతే అన్ని నిమిషాలు. ఇంజనీరుగా నాకు ఈ కొలత బాగా నచ్చింది. పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు, ఐదో క్లాసు పిల్లాడికి పది నిమిషాలు.

ఇప్పుడు మన స్కూల్లో మొదటి పీరియడ్ కోచింగ్‌కు కేటాయించి అసెంబ్లీని కుదించారని విన్నాను. ర్యాంకుల ఒత్తిడి ఉపాధ్యాయులు కోరి తెచ్చుకున్నది కాదు, తెలుసు. అయినా స్వర్ణోత్సవ కానుకగా నాదొక మనవి. రోజుకు ఐదు నిమిషాలు పిల్లలను ఊరికే కూర్చోనివ్వండి. ఏ మాట పట్టుకోవాలో ఎవరి ఇంటి విశ్వాసం వాళ్లకు చెబుతుంది, ఎవరినీ బలవంతపెట్టక్కర్లేదు. ఉపాధ్యాయులు కూడా వాళ్లతో పాటే కూర్చోవాలి, కాపలా కాయకుండా. ఏదో ఒక రోజు ఒక పిల్లాడు వచ్చి, సార్, దీనికి చరిత్ర ఏమైనా ఉందా అని అడుగుతాడు. ఆ రోజున చేతికి ఇవ్వడానికి లైబ్రరీలో ఒక పుస్తకం ఉండాలి. ఆ అలమారా ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది.