ద్రాక్షారామ దీపదానాలు: కాలంతో మారిన బంధాల లెక్క

గోదావరి డెల్టాలో రామచంద్రపురానికి చేరువనున్న ద్రాక్షారామ భీమేశ్వరాలయపు గోడల మీద, స్తంభాల మీద చెక్కిన వందలాది శాసనాలను పండితులు చాలాకాలం రాజుల వంశావళి కోసం, పాలనా సంవత్సరాల కోసం చదివారు. వీటిలో అనేకం 1923లో వెలువడిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. అయితే ఆ శాసనాల్లో అత్యధికం యుద్ధవిజయాలను చెప్పేవి కావు. ఎవరు, ఏ శకవర్షంలో, ఎవరి పేర, ఎవరి చేతికి ఏమిచ్చారన్న లావాదేవీలను చెప్పేవి.

వాటిలో ప్రధానమైనది అఖండదీపం, అంటే రేయింబవళ్లు కొండెక్కకుండా వెలిగే దీపం. దాత ఒక దీపానికి తరచు 50 గొర్రెలను సమర్పించేవాడు. వాటిని ఒక బోయకు అప్పగించేవారు. అతడు మందను మేపుకొని, అందుకు బదులుగా రోజూ మానెడు నెయ్యి గుడికి కొలిచి పోయాలి. ఈ బాధ్యత అతడితో తీరదు, పుత్రానుపౌత్రికంగా, ఆచంద్రార్కంగా సాగాలని శాసనం విధిస్తుంది. బోయ పేరు, పలుచోట్ల అతడి తండ్రి పేరు కూడా రాతికెక్కాయి కాబట్టి, ఏ రాజాస్థాన కావ్యంలోనూ చోటు దొరకని పశుపోషకులు ఇక్కడ దండనాయకుల పక్కన, రాణుల పక్కన కనబడతారు. ఒక్క దానం దాతను దేవుడితోనూ, బోయతోనూ, శాసనం పేర్కొన్న ప్రభువుతోనూ కలుపుతుంది. మనుషులను బిందువులుగా, ఇటువంటి సంబంధాలను వాటి మధ్య గీతలుగా భావించి పరిశీలించే పద్ధతికే సామాజిక జాల విశ్లేషణ అని పేరు.

ఈ గీతలు కాలంతో మారాయి. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుని కుమారుడు 1070లో కులోత్తుంగునిగా చోళ సింహాసనం ఎక్కడంతో వేంగి, తంజావూరు ఒకే ఏలుబడి కిందికి వచ్చాయి. 1118లో అతడి కుమారుడు విక్రమచోళుడు వేంగిని విడిచి దక్షిణానికి వెళ్లాక కల్యాణి చాళుక్యుల అధికారం ఈ నేలకు వ్యాపించింది. 1120ల నాటి కొన్ని ద్రాక్షారామ శాసనాలు చాళుక్య విక్రమ శకంలో తేదీ వేసుకోవడమే అందుకు నిదర్శనం. ప్రభువు మారినప్పుడు తేదీ వేసే పద్ధతి కూడా మారిందన్నమాట. ఆ వెనుక వెలనాటి చోళులు, పదమూడో శతాబ్దిలో కాకతీయులు వచ్చారు.

శాసనాలను ఇలా రాశిగా చదవడం కొత్తేమీ కాదు. కరషిమ, సుబ్బరాయలు, మత్సుయి 1978లో చోళ శాసనాల్లోని వ్యక్తినామాల సూచికను కంప్యూటరు సాయంతో వెలువరించారు. సింథియా టాల్బాట్ 2001లో ప్రచురించిన గ్రంథంలో 1175 నుంచి 1325 వరకు గల ఆంధ్ర శాసనాలను పట్టికలుగా కూర్చి, గణపతిదేవుని నాటి వంశపారంపర్య ప్రభువుల స్థానంలో ప్రతాపరుద్రుని కాలానికి నాయకులు ఎలా పెరిగారో చూపింది. ఇది కాకతీయ రాజకీయ జాలపు చరిత్రే. కాకపోతే పాలనాకాలాలను పక్కపక్కన పెట్టి పోల్చిందే తప్ప, ఒక గీత మరొక గీతను ఎలా పుట్టించిందన్నది దాని ప్రశ్న కాదు.

ఆ ప్రశ్నకు తగిన సాధనం గణాంకశాస్త్రజ్ఞుడు టామ్ స్నైడర్స్, ఆయన సహచరులు రూపొందించిన సియెనా అనే సాఫ్ట్‌వేరు. రెండు లేదా అంతకు మించిన కాలాల్లో గమనించిన జాలాలను ఇస్తే, ఆ మధ్య వ్యవధిలో ఒక్కొక్కరు ఒక్కొక్క బంధాన్ని చేర్చుకుంటూ, తెంచుకుంటూ పోయినట్టు ఊహించి, వేలసార్లు అనుకరించి, ఏ ప్రవృత్తి బలమైనదో అది అంచనా వేస్తుంది. ఒకే తీరు గలవారు స్నేహితులవుతారా, స్నేహితులయ్యాకే ఒకే తీరుకు వస్తారా అన్న చిక్కును విడదీయడం దాని ప్రత్యేకత. 1995లో మొదలైన స్కాట్లండ్ బాలికల స్నేహాలు, పొగతాగే అలవాట్ల సమాచారం దానికి పేరుపొందిన ఉదాహరణ.

అయితే ద్రాక్షారామపు గోడలకు ఈ సాధనాన్ని ఉన్నదున్నట్టు తగిలించడం పొరపాటు. శాసనం బంధం మొదలైన రోజును చెబుతుంది, తెగిన రోజును చెప్పదు. ఆచంద్రార్కమన్న మాటను అక్షరాలా నమ్మితే ఆ బోయల వారసులు ఇవాళ్టికీ నెయ్యి బాకీ ఉన్నట్టే లెక్క. జాలం పెరగడమే తప్ప తరగడం ఉండదు. అందువల్ల కార్టర్ బట్స్ 2008లో ప్రతిపాదించిన సంబంధ ఘటనా నమూనా, అంటే స్థితులను కాక తేదీ గల చర్యల వరుసను విశ్లేషించే పద్ధతి, ఇక్కడికి మేలు. ఒక సేనాని దీపం పెట్టిన తరువాత అతడి బంధువులు, తోటి సేనానులు అదే గుడికి ఎంత త్వరగా వచ్చారు, ఒకే బోయ కుటుంబానికి మందలు మళ్లీ మళ్లీ ఎందుకు చేరాయి అన్న ప్రశ్నలకు అది సరిగ్గా సరిపోతుంది.

ఏ నమూనా అయినా పేర్ల దగ్గర తడబడుతుంది. వెలనాటి వంశంలో గొంకలు ముగ్గురు, రాజేంద్రచోడులు ఒకరికి మించి ఉన్నారు. తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం వల్ల ఇద్దరు మనుషులు యంత్రానికి ఒక్కరుగా, బిరుదుల వల్ల ఒక్కరే ఇద్దరుగా తోస్తారు. పైగా రాయి చెక్కించే స్తోమత లేని భక్తులు ఈ జాలంలో లేనే లేరు. సియెనా ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి కొరత యంత్రానిది కాదు. శాసనం శాసనంగా శకవర్షం, దాత, బిరుదు, తండ్రి, బోయ, గొర్రెల సంఖ్య అన్న గడులు నింపగల, పాత తెలుగు చదవగల విద్యార్థులను రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు ముందుగా ఈ పనికి పురమాయించాలి.