పిడుగు పడితే కరెంటు ఎందుకు పోతుంది? ఇంజినీర్లు ముందే ఎలా లెక్కగడతారు?

సాయంత్రం మబ్బు కమ్ముకొచ్చింది. ఎక్కడో ఫెళ్లున పిడుగు పడింది. ఇంట్లో లైట్లు ఆరి, రెండు సెకన్లలో మళ్లీ వెలిగాయి. ఇంకో రోజు అలాగే పోయిన కరెంటు మూడు గంటలైనా రాలేదు. పైగా టీవీ కూడా కాలిపోయింది. ఎందుకీ తేడా? లైన్లను పిడుగు నుంచి కాపాడే ఏర్పాట్లు ఎలా ఉంటాయి? మీరు చూసుకోవాల్సినవేంటి?

వేసవిలో ఈదురుగాలుల వానలతో పాటే పిడుగులూ వస్తాయి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఊళ్లు, పొలాల మీదుగా సాగే కరెంటు తీగలకు ఇలాంటి రోజు పెద్ద పరీక్షే.

పిడుగులో ఎంత కరెంటు ఉంటుంది?

మీ ఇంట్లో గీజర్ వాడుకునేది దాదాపు 9 ఆంపియర్లు. ఒక సాధారణ పిడుగులో గరిష్ఠంగా సుమారు 30 వేల ఆంపియర్లు ప్రవహిస్తాయి. కొన్నింటిలో లక్ష కూడా దాటుతుంది. అయితే ఇదంతా సెకనులో పది లక్షల వంతుల లెక్కలో జరిగిపోతుంది.

ఇది నేరుగా తీగ మీద పడితే కరెంటు రెండు వైపులా సగం సగం చీలుతుంది. అంటే ఒక్కో వైపు 15 వేల ఆంపియర్లు. ఇంత వేగంగా వచ్చే కరెంటుకు తీగ సుమారు 400 ఓమ్‌ల అడ్డు చూపుతుంది. రెండింటినీ గుణిస్తే 60 లక్షల వోల్టులు. మీ వీధిలోని 11 కేవీ పరికరాలను 75 వేల నుంచి 95 వేల వోల్టుల పిడుగుపాటు తట్టుకునేలా తయారు చేస్తారు. కాబట్టి నేరుగా పడితే ఆ లైన్ తట్టుకోలేదు.

తీగ మీద పడకపోయినా కరెంటు పోతుందా?

పోతుంది. పది మీటర్ల ఎత్తున్న లైన్‌కు వంద మీటర్ల దూరంలో పిడుగు పడినా, దాని విద్యుదయస్కాంత ప్రభావంతో తీగలో సుమారు లక్ష వోల్టులు పుడతాయి. పట్టణాల్లో ఎత్తయిన భవనాలు, చెట్లు చాలా పిడుగులను తామే తీసుకుంటాయి. అందుకే అక్కడి 11 కేవీ లైన్లకు పక్కన పడిన పిడుగులే ఎక్కువగా ఇబ్బంది పెడతాయి.

ఒకసారి రెప్పపాటు, ఇంకోసారి గంటలు... ఎందుకు?

వోల్టేజీ హద్దు దాటగానే ఇన్సులేటర్ మీదుగా నిప్పురవ్వ దూకుతుంది. పిడుగు కరెంటు వెంటనే ఆగిపోయినా, ఆ రవ్వ వేసిన దారిలో మామూలు లైన్ కరెంటు భూమిలోకి పారుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ అవుతుంది. రవ్వ ఆరిపోతుంది. ఆటో రీక్లోజర్ ఉన్న ఫీడర్ అయితే తనంతట తానే మళ్లీ ఛార్జ్ అవుతుంది. అదే మీరు చూసే రెండు సెకన్ల చీకటి.

ఇన్సులేటర్ పగిలినా, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చుట్టలు కాలినా ఇలా కుదరదు. వానలో, చీకట్లో లైన్‌మన్ స్తంభం స్తంభం వెతుక్కుంటూ వెళ్లాలి. సన్నని పగులు కింద నుంచి కనిపించకపోవచ్చు. గంటలు పట్టేది అక్కడే.

పెద్ద టవర్ల సంగతేంటి?

132 కేవీ, 220 కేవీ టవర్ల శిఖరాన మామూలు తీగలకు పైన మరో తీగ కనిపిస్తుంది. సరఫరాకు సంబంధం లేని ఈ తీగ పిడుగును తన మీద వేసుకుని, టవర్ గుండా భూమిలోకి పంపుతుంది. భూమి ఎంత సులువుగా తీసుకుంటుందన్నదే ఇక్కడ కీలకం. ఎర్తింగ్ 10 ఓమ్‌లుంటే, 30 వేల ఆంపియర్లకు టవర్ పాదం దగ్గర 3 లక్షల వోల్టులు వస్తాయి. 50 ఓమ్‌లుంటే 15 లక్షలు. అప్పుడు పిడుగు టవర్ నుంచే వెనక్కి తీగ మీదకు దూకుతుంది. రాతినేలల్లో ఈ సమస్య ఎక్కువ. అందుకే అక్కడ అదనంగా తీగలు భూమిలో పాతుతారు.

ముందే ఎలా లెక్కగడతారు?

లైన్ వేసేటప్పుడు ఇంజినీర్లు మూడు ప్రశ్నలు వేసుకుంటారు.

1. ఏడాదికి ఎన్ని పడతాయి? చదరపు కిలోమీటరుకు ఏడాదికి ఒక పిడుగు పడే మైదానంలో, పది మీటర్ల ఎత్తున్న వంద కిలోమీటర్ల లైన్‌పై సుమారు 11 పడతాయని అంచనా. ఎత్తు పెరిగితే సంఖ్యా పెరుగుతుంది.

2. దేని మీద పడుతుంది? 30 వేల ఆంపియర్ల పిడుగు సుమారు 90 మీటర్ల దూరం నుంచి తన లక్ష్యాన్ని ఎంచుకుంటుంది. 10 వేల ఆంపియర్లదైతే 45 మీటర్లే. అందుకే చిన్న పిడుగులు పైనున్న రక్షణ తీగను తప్పించుకుని కింది తీగకు తగిలే ప్రమాదం ఉంది.

3. పడితే వోల్టేజీ ఎంత? తీగ, టవర్, ఇన్సులేటర్, నేల అన్నింటినీ కంప్యూటర్‌లో సమీకరణాలుగా మార్చి, వేల కొద్దీ ఊహాజనిత పిడుగులను రకరకాల బలంతో, రకరకాల చోట్ల వేసి చూస్తారు. ఎన్నిటికి లైన్ ట్రిప్ అయిందో లెక్కిస్తారు.

అరెస్టర్లు ఎక్కడ పెట్టాలి, ఎర్తింగ్ ఎక్కడ మెరుగుపరచాలి అన్నవి ఈ లెక్క చెబుతుంది. మీ వీధిలో రేపు పిడుగు పడుతుందా అన్నది మాత్రం చెప్పలేదు.

అరెస్టర్ చేసే పనేంటి?

ట్రాన్స్‌ఫార్మర్ పైన మూడు తీగలకూ చిన్న కడ్డీల్లాంటివి కనిపిస్తాయి. అవే లైట్నింగ్ అరెస్టర్లు. లోపల జింక్ ఆక్సైడ్ బిళ్లలుంటాయి. మామూలు వోల్టేజీకి అవి కరెంటును దాదాపు పోనివ్వవు. పిడుగు వోల్టేజీ రాగానే దారి ఇచ్చి భూమిలోకి పంపి, మళ్లీ మూసుకుంటాయి. అయితే వాటిని ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనుకుని, పొట్టి తీగతో బిగించాలి. ఎర్త్ తీగ తెగిపోయి ఉంటే అరెస్టర్ ఉన్నా లేనట్టే.

మీరేం చేయాలి?

- ఉరుము వినిపించకముందే టీవీ, ఫ్రిజ్, రౌటర్ ప్లగ్గులు తీసేయండి. కేబుల్, డిష్ తీగలనూ విడదీయండి. ఉరుములు మొదలయ్యాక వాటి జోలికి వెళ్లొద్దు.
- స్టెబిలైజర్ పిడుగు వోల్టేజీని ఆపలేదు. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్షన్ డివైస్ పెట్టించుకోవచ్చు. ఇంటి ఎర్తింగ్ సరిగా లేకపోతే అదీ పనిచేయదు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించండి.
- అపార్ట్‌మెంట్ పైనున్న పిడుగు కడ్డీ భవనాన్ని కాపాడుతుంది. లైన్ గుండా వచ్చే వోల్టేజీని ఆపదు.
- వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అరెస్టర్ వేలాడుతున్నా, ఎర్త్ తీగ తెగినా దూరం నుంచే ఫొటో తీసి, స్తంభం నంబరుతో 1912కు ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి.
- తీగ తెగిపడితే దగ్గరికి వెళ్లొద్దు. ఎవరినీ వెళ్లనివ్వొద్దు. కరెంటు లేదనుకున్న తీగ ఎప్పుడైనా మళ్లీ ఛార్జ్ కావచ్చు.
- పుణెలోని ఐఐటీఎం రూపొందించిన దామిని యాప్ మీ చుట్టుపక్కల పిడుగుల సమాచారం ఇస్తుంది.

సరఫరా పునరుద్ధరణకు విద్యుత్ నియంత్రణ మండలి గడువులు నిర్ణయిస్తుంది. అవి దాటితే పరిహారం అడిగే హక్కు విద్యుత్ చట్టం 2003లోని 57వ సెక్షన్ ఇచ్చింది. ప్రకృతి విపత్తుల వేళ డిస్కంలకు సడలింపు ఉంటుంది. కాబట్టి తెగిన ఎర్త్ తీగ గురించి వానలకు ముందే ఫిర్యాదు చేయడం మేలు. పిడుగు పడ్డాక చేసే ఫిర్యాదుతో కాలిన టీవీ తిరిగి రాదు.